హెడ్‌లైట్ మసకబారిందా.. బల్బు మార్చితే సరిపోదు!

అమీర్‌పేట, పంజాగుట్ట: నిమ్స్‌కు రోగులను తీసుకొచ్చే జీపులు, మైత్రివనం పరిసరాల్లోని శిక్షణ సంస్థల్లో పిల్లలను దిగబెట్టడానికి వచ్చే కార్లు చాలావరకు చీకటి పడ్డాకే జిల్లాలకు తిరుగుముఖం పడతాయి. అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్ల మధ్య వీధి దీపాలు, దుకాణాల వెలుగులకు రాత్రి కూడా పగలులా ఉంటుంది. ఆ వెలుతురులో హెడ్‌లైట్ ఒకటి ఆరినా, రెండూ మసకబారినా నడిపేవారు గమనించరు. నగరం దాటి విజయవాడ రహదారి ఎక్కాక గానీ సంగతి బయటపడదు. ఒక దీపంతో వచ్చే కారు దూరం నుంచి మోటారు సైకిల్‌లా కనిపిస్తుంది. పక్కనుంచి వెళ్లిపోవచ్చనుకున్న ఎదుటివారికి దగ్గరికొచ్చాక కారు మొత్తం ఎదురవుతుంది.

ఇటువంటప్పుడు వాహనదారులు మొదట చేసే పని బల్బు మార్చడం. కొత్త బల్బు నాలుగు రోజులు వెలిగి మళ్లీ మిణుకుమంటుంది. ఇంకో బల్బు కొంటారు. అసలు లోపం తీగలోనో, కప్లర్‌లోనో, ఎర్త్ దగ్గరో ఉంటే ఎన్ని బల్బులు మార్చినా ఫలితం ఉండదు.

పాత కార్లలో, జీపుల్లో ఎక్కువగా కనిపించే హెచ్4 బల్బుకు మూడు కాళ్లు ఉంటాయి. ఒకటి డిమ్‌కు, మరొకటి బ్రైట్‌కు, మూడోది రెండింటికీ ఉమ్మడిగా ఎర్త్. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్ ఫిలమెంటు 55 వాట్లు, బ్రైట్ 60 వాట్లు. రెండు ఫిలమెంట్లూ ఒకేసారి తెగడం అరుదు. కాబట్టి ఒకవైపు దీపం డిమ్‌లోనూ బ్రైట్‌లోనూ వెలగకపోతే ముందుగా ఆ వైపు ఎర్త్‌ను, హోల్డర్‌ను అనుమానించాలి. రెండు వైపులా డిమ్ మాత్రమే పోతే డిప్పర్ స్విచ్చి, రిలే, ఫ్యూజుల వైపు చూడాలి. కొన్ని కార్లలో కుడి, ఎడమ దీపాలకు వేర్వేరు ఫ్యూజులు ఉంటాయి. ఒక దీపమే ఆరింది కదా అని ఫ్యూజును చూడకుండా వదిలేయకూడదు. డిమ్ వేసినప్పుడు రెండు ఫిలమెంట్లూ ఎర్రగా, నీరసంగా వెలుగుతున్నా, ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ కూడా దానితో పాటు కొట్టుకుంటున్నా ఎర్త్ తెగిందనడానికి అది గట్టి ఆనవాలు.

మీటరు చేసే మోసం

కప్లర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు వస్తోంది కదా అని తీగకు మార్కులు వేసేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే. లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగే మిగిలినా మీటరు అదే అంకె చూపుతుంది. మీటరు తీసుకునే కరెంటు అత్యల్పం. బల్బుకు కావలసింది దాదాపు 5 ఆంపియర్లు. ఆ బరువు మీద పడినప్పుడు గానీ తీగ సత్తా బయటపడదు. అందుకే ఆటో ఎలక్ట్రీషియన్లలో పాతవారు ఈనాటికీ తీగలు అతికించిన చిన్న బల్బునే టెస్టర్‌గా వాడతారు.

మీటరుతోనే చూడాలంటే దీపం వెలుగుతుండగా చూడాలి. ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బుకు కరెంటు వచ్చే కాలు మీద ఉంచాలి. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో కరెంటు వృథా అవుతున్నట్టే. తర్వాత ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది బల్బు ఎర్త్ కాలు మీద పెట్టి అదే పరీక్ష చేయాలి. చాలామంది ఈ రెండోది మానేస్తారు. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పో, మరమ్మతు తర్వాత వేసిన రంగో అడ్డుపడటం తరచూ ఉండే వ్యవహారమే.

కప్లర్‌లో పట్టిన చిలుము అర ఓమ్ నిరోధం కలిగించినా బల్బుకు చేరేది 10 వోల్టులే. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వెలుతురు కూడా ఆరో వంతే తగ్గుతుందనుకోవద్దు. అది దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఆ కప్లర్‌లో 8 వాట్లకు పైగా వేడి పుడుతుంది. హోల్డర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరగడం, కరిగి తీగకు అతుక్కోవడం ఆ వేడి వల్లే.

వాన పడితే మైత్రివనం వద్ద నీరు నిలవడం నగరవాసులకు తెలిసిందే. ఆ నీటిలోంచి వచ్చిన బండి ఆ రోజు బాగానే ఉంటుంది. చిలుము పెరిగి దీపం మసకబారేది వారాలు, నెలల తర్వాత. అప్పటికి ఆ వాన సంగతి ఎవరికీ గుర్తుండదు. ద్విచక్ర వాహనాల్లోనూ, ఆటోల్లోనూ హ్యాండిల్ మెడ వద్ద తీగలు మలుపు మలుపుకూ నలిగి పైతొడుగు బాగున్నా లోపల తెగుతుంటాయి. హ్యాండిల్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తే దీపం మిణుకుతుంది. ఇంజను నెమ్మదించినప్పుడు వెలుతురు తగ్గడం మాత్రం పాత మోడళ్లలో లోపం కాకపోవచ్చు. వాటిలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు నేరుగా ఇంజను నుంచే వస్తుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడుస్తున్నంతసేపూ దీపం వెలగాలన్న నిబంధన వచ్చింది. ఆ బండ్లలో దీపం ఆరితే పగలే తెలిసిపోతుంది, అదొక మేలు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

వేసిన ఫ్యూజు వేసినట్టే పోతుంటే ఎక్కడో తీగ ఒరుసుకుని బాడీకి తగులుతున్నట్టు లెక్క. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం, రాగి తీగ పెట్టి నెట్టుకొచ్చేవారున్నారు. అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరింగ్ అంతా. మెకానిక్‌ల ఉపాయం వేరు. హెడ్‌లైట్ బల్బులు రెండూ ఊడదీసి, ఫ్యూజు స్థానంలో ఒక బల్బు తగిలించి, స్విచ్చి వేస్తారు. షార్టు ఉన్నంతసేపూ అది నిండుగా వెలుగుతుంది. వైరింగ్‌ను కొంచెం కొంచెంగా కదుపుతూ, కప్లర్లు ఒక్కొక్కటే విడదీస్తూ పోతే ఒకచోట ఆరిపోతుంది. లోపం అక్కడే. ఫ్యూజుల మీద ఫ్యూజులు తగలేయకుండా పని తెమిలిపోతుంది.

కొత్త కార్లలో దీపాలు కంప్యూటర్ అదుపులో ఉంటాయి. వాటిపై టెస్ట్ బల్బు ప్రయోగిస్తే మాడ్యూల్ దెబ్బతినవచ్చు. వాటిని సర్వీసు కేంద్రానికే అప్పగించడం మేలు. వెలుతురు చాలడం లేదని 100/90 వాట్ల బల్బులు వేయించడం మరో ప్రమాదం. కంపెనీ తీగలు 60/55 వాట్లకు సరిపడా వేసినవి. 100 వాట్లంటే 8 ఆంపియర్లు దాటుతుంది. రిలే, లావు తీగలు లేకుండా ఆ బల్బు వేస్తే హోల్డర్ మాడటానికి ఎక్కువ కాలం పట్టదు.

మరమ్మతు పూర్తయ్యాక ఇంజను నడుస్తుండగా దీపం పావుగంట వెలిగించి ఉంచాలి. తర్వాత ఆర్పి, బల్బు వెనుక కప్లర్ తీగను పట్టుకుని చూడాలి. రెండు వైపుల తీగల్లో ఒకటి మరీ వేడిగా తగిలితే మెకానిక్‌కు డబ్బులిచ్చే ముందు ఆ కప్లర్‌ను మరోసారి విప్పించాలి.