శ్రీమతి మేమీ జాన్సన్

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆటకు గల యాదరణము మనదేశమున క్రికెట్టునకు గల యాదరణము వంటిది. ఆ యాటలో పురుషుల జట్టున నిలిచి, పురుషులకే బంతి విసరి గెలిచిన శ్రీమతి మేమీ జాన్సన్ 2017 డిసెంబరులో 82 ఏండ్ల వయస్సున కాలధర్మము నొందెను. ఆమె పేరు మనలో విన్నవారు తక్కువ. ఆమె దేశముననే అది చాలకాలము వినబడలేదు. అందుకు కారణములు ఆమె యాటలో లేవు. ఒకటి చర్మపు రంగు, రెండవది స్త్రీజన్మము.

ఈ యాట నెరుగని సోదరీమణులకొక మాట. క్రికెట్టులో బంతి సాధారణముగా నేలను తాకి లేచును, ఇందులో తాకరాదు. బంతి విసరువానిని 'పిచ్చర్' అందురు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమున మట్టిదిబ్బపై నిలిచి, కొట్టువాని మోకాళ్లకును రొమ్మునకును నడుమగా బంతిని పంపవలెను. ఇట్లు వచ్చిన బంతిని మూడుమారులు తప్పినవాడు బయటికి పోవలసినదే. కావున జట్టు గెలుపోటములు చాలవరకు పిచ్చరు భుజముపైననే యుండును.

మేమీ 1935 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ కెరొలైనా రాష్ట్రమందలి రిడ్జ్‌వే అను చిన్నయూర నల్లవారి కుటుంబమున జన్మించెను. బాల్యమున ఆమెను పెంచినది అవ్వ. ఆట నేర్పినవాడు వయస్సున తనకు దగ్గరివాడైన మేనమామ. కొనిన బంతి యెక్కడిది? రాతికి పురికొస చుట్టి, పైన టేపు బిగించి దానినే బంతిగా చేసికొనిరి. అట్టి బరువునకు అలవడిన చేతికి అసలు బంతి పువ్వువలె తోచియుండును. అవ్వ మరణించిన పిమ్మట ఆమె న్యూజెర్సీలోని బంధువుల యింటికి పోయెను. అచట పోలీసువారు బాలురకొరకు నడుపుచుండిన జట్టున్నదని తెలిసికొని, తనను చేర్చుకొనుడని తానే యడిగి చేరెను. ఆ పిమ్మట వాషింగ్టనులో పెద్దవారైన పురుషులతో ఆడుచుండెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, ఆ దేశమున స్త్రీల బేస్‌బాల్ సంఘమొకటి యేర్పడి 1954 వరకు నడచినది. మేమీ తన పదునేడవ యేట ఒక స్నేహితురాలితో కూడ అలెగ్జాండ్రియా పట్టణమున జరుగు పరీక్షకు పోయెను. వారు ఈ బాలికలను చూచినంతనే త్రిప్పిపంపిరి. బంతి విసరి చూపుమనియైన అడుగలేదు. తెల్లవారి పెద్ద సంఘమున జాకీ రాబిన్సన్ 1947లో ఆడి నల్లపురుషులకు దారి చేసి అప్పటికి ఐదారేండ్లు గడచినవి. స్త్రీల సంఘమున మాత్రము ఆ దారి లేదు. పురుషుల జట్టులవైపు చూతమన్నను, స్త్రీలతో ఒడంబడిక చేసికొనరాదని 1952 జూన్ నెలలో వృత్తి బేస్‌బాల్ అధికారులు నిషేధించియుండిరి. ఒకచోట రంగు చాలదనిరి; మరియొకచోట స్త్రీ పనికిరాదనిరి. ద్రోణుడు పుట్టుక నడిగి త్రిప్పిపంపిన ఏకలవ్యుడు నాకు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. అయితే ఏకలవ్యుని బొటనవ్రేలు పోయినది; ఈమె చేయి మిగిలినది.

ఆ చేతికి పని యిచ్చినది నల్లవారి సంఘములలోని ఇండియానపోలిస్ క్లౌన్స్ అను జట్టు. క్లౌన్ అనగా విదూషకుడు. ఆటతో పాటు హాస్యమును చూపి జనులను రప్పించు జట్టది. మేలైన ఆటగాండ్రు తెల్లవారి జట్టులకు తరలిపోవుటచే నల్లవారి సంఘములకు ప్రేక్షకులు తగ్గిపోవు దినములవి. క్లౌన్స్ యజమాని టోనీ స్టోన్, మేమీ జాన్సన్, కానీ మార్గన్ అను మువ్వురు స్త్రీలను తీసికొనుటలో టికెట్ల యాలోచన లేదనుట పొరపాటు. కాని టికెట్టు కొన్నవాని యుద్దేశ్యమేదైనను, ఎదుట కఱ్ఱ పట్టినవాడు ఆడుదానిచే ఓడుటకు ఒప్పుకొనడు గదా! వాడు తన బలమంతయు చూపును. ఆ మువ్వురిలో పిచ్చరు మేమీ యొక్కతెయే.

ఆమె పొడవు 5 అడుగుల 3 అంగుళములు. కాన్సాస్ సిటీ మొనార్క్స్ జట్టునకు చెందిన హాంక్ బేలిస్ అనునతడు, నీవు వేరుసెనగగింజంత లేవు, మమ్మేమి చేయగలవని ఎగతాళి చేసెను. ఆమె వానిని మూడు బంతులూ తప్పించి పంపినది. నాటినుండి 'పీనట్', అనగా వేరుసెనగగింజ, అనునది ఆమెకు ముద్దుపేరయ్యెను. బంతిని వంపు తిరుగునట్లు విసరుట తనకు ప్రఖ్యాతుడైన సాచెల్ పేజ్ దిద్దెనని ఆమె చెప్పుకొనెడిది.

1953 మొదలు 1955 వరకు ఆడి, ఆమె 33 ఆటలు గెలిచి 8 ఓడెనని చెప్పుదురు. ఆ కాలపు నల్లవారి ఆటల లెక్కలు పూర్తిగా అచ్చుకాలేదు గనుక వాటిని ఒక్కొక్కటిగా సరిచూచుటకు వీలులేదు. 2020 డిసెంబరులో అధికారులు నల్లవారి సంఘముల ఆటలను పెద్ద సంఘముల యాటలతో సమానముగా అంగీకరించిరి. అదియు 1920 మొదలు 1948 వరకు జరిగిన వానికే. మేమీ యాట అందులోనికి రాదు.

జట్టు బస్సులో ఊరూర తిరుగుచుండెడిది. దక్షిణ రాష్ట్రములలో తెల్లవారి హోటళ్లు వీరిని రానీయవు. పలుమారులు నిద్రయు భోజనమును బస్సులోనే. ఇరువదియేండ్ల ప్రాయమున ఆమె ఆ బ్రతుకును విడిచెను. ఒక కుమారుని తల్లియైన ఆమె పిమ్మట చదివి నర్సయి, సుమారు ముప్పదియేండ్లు రోగులను సేవించెను. ఆమెను గూర్చి వ్రాయువారు ఈ ముప్పదియేండ్లను ఒక వాక్యమున దాటిపోవుదురు. రాత్రులు మేలుకొని రోగి ప్రక్కన నిలుచుటకు ప్రేక్షకులుండరు కాబోలు!

వార్ధక్యమున ఆమె, నాడు స్త్రీల సంఘము తన్ను చేర్చుకొనకపోవుటయే మేలైనదనియు, చేర్చుకొనియున్న యెడల తాను పలువురిలో ఒకతెగా మిగిలిపోయియుందుననియు పలుమారులు చెప్పెను. చదువరులు దీనిని మెచ్చుకొందురు. నేనును మెచ్చుకొందును, కాని ఆమె సంతోషమును చూపి త్రిప్పిపంపినవారి తప్పును మాపివేయరాదు. ఆనాడామెతో కూడ వెనుకకు నడచిన ఆ స్నేహితురాలికి క్లౌన్స్ జట్టు దొరకలేదు. ఆమెవలె త్రిప్పబడినవా రెందఱో, వారి చేతిబలమెంతటిదో ఎవరు చూచిరి?

టోనీ స్టోన్, కానీ మార్గన్ ఇరువురును 1996లో గతించిరి. 2008 జూన్ నెలలో పెద్ద సంఘమునందలి జట్టులు, బ్రతికియున్న నల్లవారి సంఘముల ఆటగాండ్రను గౌరవార్థము ఒక్కొక్కరిని ఎన్నుకొన్నవి. వాషింగ్టను నేషనల్స్ జట్టు మేమీ జాన్సన్ పేరు పిలిచెను. అప్పుడామెకు 72 ఏండ్లు. ఆ నగరమున బాలబాలికల బేస్‌బాల్ సంఘమొకదానికి పిదప ఆమె పేరు పెట్టిరి.