ఇంటి కంప్యూటరుకు యాంటీవైరస్ కొనవలెనా?

కంప్యూటరు కొన్న రైతుసోదరులు పలువురు యాంటీవైరస్‌కు వేరుగా డబ్బు వెచ్చించుచున్నారు. విండోస్ 10, 11లలో డిఫెండర్ అను రక్షణ ముందే అమర్చబడి యున్నది. దానికి రుసుము లేదు. ఇంటిపనులకు సాధారణముగా అది చాలును. ‘విండోస్ సెక్యూరిటీ’ తెరచి అది పనిచేయుచున్నదో లేదో చూచుకొనవలెను. వేరొకటి కొనదలచినచో కంపెనీ సైటునుండియే తీసుకొనవలెను. ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన దొంగ నకలు వద్దు. రెండింటిని ఒకేసారి నడుపరాదు.

2017 మే 12న వానాక్రై అను వైరస్ అనేక దేశములలో ఫైళ్లకు తాళమువేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నియు దానికి చిక్కినవి. అది దూరిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు మార్చిలోనే విడుదల చేసియుండెను! అందుచేత అప్‌డేట్లను ఆపరాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. మీ యంత్రము 11కు మారగలదేమో విచారింపవలెను.

పాసుపుస్తకము నకళ్లు, సొసైటీ లెక్కలు వారమున కొకసారి విడి హార్డుడిస్కులోనికి ఎక్కించి, వైరు ఊడదీసి, బీరువాలో పెట్టవలెను. తగిలించియే యుంచిన డిస్కుకును తాళము పడవచ్చును. విత్తనపు గింజలను తిండిగింజలలో కలిపి ఉంచము గదా.

“వైరస్ సోకినది, ఈ నంబరుకు ఫోను చేయండి” అని తెరపై కనిపించినచో చేయవద్దు. ఇప్పటికే డబ్బు పోయినచో వెంటనే 1930కి తెలుపవలెను.