బృంద యాత్రకు చివరి బండే కొలత
శరదృతువులో పత్తి, మిర్చి నేలల మీదుగా మోటారు సైకిల్ ప్రయాణం.. పాటించాల్సిన క్రమశిక్షణ

గుంటూరు: వానలు తెరిపి ఇచ్చి, ఆకాశం తేటపడే ఆశ్వయుజ, కార్తీక మాసాలు మోటారు సైకిల్ క్లబ్బుల యాత్రలకు అనువైన కాలం. గుంటూరు నుంచి ఫిరంగిపురం, నరసరావుపేట మీదుగా కోటప్పకొండకో, కొండవీడు కోటకో, వినుకొండ దాటి కంభం చెరువు వరకో సభ్యులు ఆదివారం ఉదయాన్నే బయలుదేరడం పరిపాటి. దారికి ఇరువైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుంటాయి. మిరప తోటలు ఇంకా పచ్చగానే ఉంటాయి. చూడముచ్చటైన ఈ దారుల్లోనే ప్రమాదమూ పొంచి ఉంటుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. పది మంది కలిసి వెళ్తే భద్రత పెరుగుతుందని చాలామంది భావిస్తారు. క్రమశిక్షణ లేకుంటే ఆ గుంపే ప్రమాదానికి కారణమవుతుంది.

ముందువాడి ఖాళీ వెనుకవాడికి ఉండదు

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగిపోతుంది. పది బండ్లు ఒకదాని వెనుక ఒకటిగా, రెండేసి సెకన్ల ఎడంతో వెళ్తున్నాయనుకుందాం. మొదటి బండికీ, చివరి బండికీ మధ్య 18 సెకన్లు, అంటే సుమారు 300 మీటర్ల దూరం ఉంటుంది. నాయకుడు ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉందని చూసి ట్రాక్టరును దాటుతాడు. పదో వ్యక్తి అక్కడికి చేరే సరికి, అంతకు ముందు దూరంగా కనిపించిన లారీ కూడా మరో 300 మీటర్లు దగ్గరై ఉంటుంది. ముందున్నవారిని అందుకోవాలన్న ఆత్రుతతో అతడూ కుడివైపునకు తిప్పితే ఎదురుగా లారీయే ఉంటుంది. కాబట్టి దాటే నిర్ణయం ఎవరికి వారే తీసుకోవాలి. ముందున్నవాడు చేయి ఊపి రమ్మన్నా, తన కళ్లతో చూడనిదే కదలరాదు.

వెనుకబడినవారు తొందరపడకుండా చూడటం నాయకుడి బాధ్యత. తాను దాటిన తర్వాత వేగం తగ్గించి, అందరూ వచ్చేదాకా నెమ్మదిగా సాగాలి. అనుభవం తక్కువ ఉన్నవారిని నాయకుడి వెనుకనే ఉంచాలి. అందరికన్నా నేర్పరి, మరమ్మతు తెలిసిన సభ్యుడు చివరన ఉండాలి. పెద్ద బృందాన్ని ఐదారు బండ్ల చొప్పున విడదీసి, మధ్యలో తగినంత ఎడం ఉంచితే ఇతర వాహనాలకు దారి దొరుకుతుంది. తిన్నని రోడ్డుపై ఒకరు కుడివైపు, తర్వాతివారు ఎడమవైపు ఉండేలా ఏటవాలు వరుసలో వెళ్లవచ్చు. కొండవీడు, కోటప్పకొండ ఘాట్ మలుపుల్లో మాత్రం ఒకే వరుస తప్పనిసరి. జంటగా పక్కపక్కనే నడపడం ఎక్కడా తగదు.

ఈ కాలంలో రోడ్డు రైతుది

పత్తి తీతలు మొదలయ్యేది ఈ రోజుల్లోనే. తెల్లవారుతూనే కూలీలు ఆటోల్లో, ట్రాక్టర్ ట్రక్కుల్లో చేలకు బయలుదేరతారు. సాయంత్రం పత్తి లోడు ట్రక్కు వెడల్పును మించి ఇరువైపులా పొంగి ఉంటుంది. వెనుక దీపాలు ఆ లోడు చాటున పడితే చీకట్లో అక్కడ వాహనం ఉన్నట్టే తెలియదు. పొద్దుగుంకే వేళ గేదెల మందలు ఇళ్లకు మళ్లుతాయి. వీటికి తోడు కార్తీక సోమవారాల్లో శివాలయాలకు, ఆదివారాల్లో వనభోజనాలకు వెళ్లేవారి రద్దీ ఉంటుంది. అందుకే చీకటి పడకముందే ఇల్లు చేరేలా యాత్రను రూపొందించుకోవాలి.

నేల స్వభావాన్నీ గుర్తెరగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాల ప్రభావంతో ఒక్కసారిగా వర్షం కురుస్తుంది. నల్లరేగడి చేల నుంచి వచ్చే ట్రాక్టర్ల చక్రాలు తారు రోడ్డుపై బురద వదులుతాయి. తడిసిన రేగడి సబ్బులా జారుతుంది. పుంతదారులు రోడ్డును కలిసే ప్రతిచోటా వేగం తగ్గించాలి. వాగుల చప్టాలపై నీరు పారుతుంటే, లోతు తక్కువగా కనిపించినా దాటే సాహసం చేయరాదు.

బయలుదేరే ముందు

టైర్లలో గాలి, బ్రేకులు, గొలుసు, దీపాలు ముందురోజే సరిచూసుకోవాలి. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి. బృందంలోని పాత బండ్లకు ఆ సౌకర్యం ఉండదు కనుక, తడి రోడ్డుపై వాటి ముందు మరింత ఎడం ఉండాలి. ఎక్కడెక్కడ ఆగుతారో ముందే చెబితే, వెనుకబడినవారు ఆందోళన చెందరు. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కించాలి. బండ్లను రోడ్డు అంచున కాకుండా, పూర్తిగా పక్కకు తీసి నిలపాలి.

చట్టం చెబుతున్నదేమిటి?

మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ ప్రకారం నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారికీ, నాలుగేళ్లు దాటిన పిల్లలకూ శిరస్త్రాణం తప్పనిసరి. 2019 సవరణతో చేర్చిన 194-డి సెక్షన్ దీన్ని ఉల్లంఘిస్తే రూ.1,000 జరిమానా, మూడు నెలల లైసెన్సు అనర్హత విధిస్తోంది. 2022లో శిరస్త్రాణం లేక మరణించిన 50,029 మందిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారేనన్నది గమనార్హం. అనుమతి లేకుండా రోడ్డుపై పందేలు వేసుకుంటే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ప్రమాద బాధితులకు సదుద్దేశంతో సాయపడేవారికి 134-ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. దారిలో ఎవరు పడిపోయి కనిపించినా 108కు ఫోన్ చేసేందుకు సందేహించనక్కర్లేదు.

కోటప్పకొండకు ఎవరు ముందు చేరారన్నది యాత్రకు కొలమానం కాదు. చివరి సభ్యుడు క్షేమంగా వచ్చి బండి స్టాండు వేసినప్పుడే ఆ యాత్ర పూర్తయినట్లు.