చిన్న వయసులో కీళ్ల నొప్పులా?

పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు. పేస్టు మూత తిప్పడానికి పక్కవాళ్లను పిలవాలి. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. సంగటి కెలకడానికి తెడ్డు పట్టుకుంటే మణికట్టులో సూదులు గుచ్చినట్లుంటుంది. పది గంటలు దాటేసరికి కొంచెం కొంచెంగా వదులవుతుంది. మధ్యాహ్నానికి ఫరవాలేదనిపిస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు అంటారు: "పని చేసే వేళకే నొప్పి. తినే వేళకు ఉండదు."

మా ఓపీలో కూర్చున్న ఇరవై మూడేళ్ల అమ్మాయి నొప్పి గురించి చెప్పేటప్పుడు ఏడవదు. ఈ మాట చెప్పేటప్పుడు ఏడుస్తుంది. ఈమె ఒకే మనిషి కాదు. మేము చూసే పలువురి మాటలను కలిపి రాస్తున్నాం. అబ్బాయిలూ వస్తారు గాని, వాళ్లు నొప్పి అని చెప్పడానికే సిగ్గుపడతారు. నడుము పట్టేసిందని మాత్రం అంటారు.

ఆమె పక్కన తల్లి, తల్లి ఒళ్లో ప్లాస్టిక్ సంచి, అందులో రెండేళ్ల చీటీలు. ఒకరు రక్తం తక్కువ అన్నారు. ఒకరు థైరాయిడ్ చూపించుకోమన్నారు. ఒకరు కాల్షియం రాశారు. చివరికి ఒకరు "ఆలోచనలు ఎక్కువ, పెళ్లయితే తగ్గిపోతుంది" అన్నారు. ఇవన్నీ తప్పులని మేము అనడం లేదు, చివరిది తప్ప. థైరాయిడ్ తక్కువైతే ఒళ్లు నొప్పులు, నీరసం వస్తాయి. విటమిన్ డి తక్కువైనా ఎముకలు నొస్తాయి. రక్తహీనత సంగతి వేరు. ఒంట్లో చాలాకాలంగా వాపు రోగం ఉంటే దానివల్లే రక్తం తగ్గవచ్చు. అలాంటప్పుడు ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా అసలు రోగం అక్కడే ఉంటుంది.

అరుగుదల వేరు, వాపు వేరు

కీళ్ల నొప్పులంటే ముసలివాళ్ల రోగమని మనలో చాలామందికి గట్టి నమ్మకం. అది సగమే నిజం. వయసుతో వచ్చేది అరుగుదల. పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున బిగుసుకున్నా పావుగంటలో, అరగంటలో సర్దుకుంటుంది.

యువతీ యువకుల్లో వచ్చే వాపు రోగం దీనికి తలకిందులు. మన ఒంటిని కాపాడవలసిన రోగ నిరోధక శక్తే దారి తప్పి సొంత కీళ్ల మీదికి వస్తుంది. రాత్రంతా కదలకుండా పడుకుంటే బిగుసుకుపోతుంది, కదిలితే వదులవుతుంది. అందుకే ఆ అమ్మాయికి పొద్దున నొప్పి, మధ్యాహ్నం నెమ్మది. ఇంట్లోవాళ్లు నటన అనుకున్నదే మాకు రోగాన్ని పట్టిచ్చే గుర్తు. పొద్దున బిగుసుకుపోవడం గంటసేపు వదలకపోతే, రెండు చేతుల చిన్న వేళ్ల కీళ్లు, మణికట్లు వాచి ఆరు వారాలు దాటితే, అది రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్, అంటే కీళ్లవాతం, కావచ్చునని చూడాలి. ఇది మగవాళ్లలో కంటె ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

అబ్బాయిల నడుము నొప్పిలో కూడా ఇలాంటిదే ఒకటుంది. తెల్లవారుజామున మూడింటికి నొప్పితో మెలకువ వస్తుంది. లేచి వరండాలో నాలుగు అడుగులు వేస్తే తగ్గుతుంది. మూడు నెలలు దాటినా పోదు. మధ్యలో ఒకసారి కన్ను ఎర్రబడి నొస్తుంది, లేదా మడమ నొస్తుంది. కంటికి ఒక డాక్టరు, మడమకు ఒకరు, నడుముకు ఒకరు చూస్తారు గనుక ఈ మూడూ ఒకే రోగమని ఎవరికీ తట్టదు. దాని పేరు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. బరువులెత్తి నడుము పట్టిందనుకుని ఏళ్ల తరబడి నూనె రాసుకునేవారున్నారు.

ఇక లూపస్. ఎండకు వెళ్తే ముఖం మీద ఎర్రటి మచ్చ, నోటిలో పుండ్లు, గుప్పెళ్లతో ఊడే జుట్టు, వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. వీటిలో రెండు మూడు కలిసి వచ్చినప్పుడు మూత్ర పరీక్ష కూడా తప్పనిసరిగా చేయించాలి. ఈ రోగం మూత్రపిండాలను చప్పుడు చేయకుండా దెబ్బ తీస్తుంది.

ఒకే కీలు వాచి, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయను మరవకూడదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం వెలసిన ప్రాంతం మనది. అయినా క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అది కీళ్లకూ వెన్నుకూ కూడా వస్తుంది.

చికున్‌గున్యా నేర్పిన సంగతి

మన జిల్లాలో చిన్నవాళ్ల కీళ్ల నొప్పుల గురించి మాట్లాడేటప్పుడు ఆ జ్వరాన్ని విడిచిపెట్టలేం. 2005 చివర, 2006లో చిత్తూరుతో సహా రాయలసీమ జిల్లాల్లో చికున్‌గున్యా విరుచుకుపడింది. అంతకుముందు దేశంలో అది పెద్దగా కనిపించింది 1973లో, మహారాష్ట్రలోని బర్శిలో. ముప్పై రెండేళ్లు కనబడని రోగం గనుక మొదట్లో ఎవరికీ అంతుపట్టలేదు. 2006లో దేశం మొత్తం మీద అనుమానిత కేసులు సుమారు 13.9 లక్షలని ప్రభుత్వ లెక్క. ఆ పేరు టాంజానియా ప్రాంతపు మకొండే భాషలోనిది. నొప్పితో వంగిపోవడం అని దాని భావం. అప్పుడు వంగి నడిచినవారు ఈ పత్రిక చదివేవారిలోనూ ఉంటారు, వారికి అర్థం చెప్పనక్కరలేదు.

ఆ జ్వరం నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. నొప్పులు చాలామందికి కొన్ని వారాల్లో పోతాయి. కొందరికి మాత్రం నెలలు, ఏళ్లు కూడా ఉంటాయి. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. జ్వరం తగ్గింది గనుక నొప్పి కూడా తగ్గి ఉండాలని రోగిని నమ్మకపోవడం మొదటిది. రెండోది దానికి ఎదురు. ఏ కీలు నొచ్చినా "అప్పుడెప్పుడో చికున్‌గున్యా వచ్చింది కదా, అదే" అని సరిపెట్టుకోవడం. చికున్‌గున్యా తర్వాతి నొప్పి, కీళ్లవాతం చూడడానికి ఒకలాగే ఉంటాయి. మూడు నెలలు దాటినా వాపు పోకపోతే మళ్లీ మొదటినుంచి పరీక్షించి చూడవలసిందే. దోమ కుట్టిన సంగతి గుర్తుంది గదా అని ఊరుకుంటే లోపల కీలు పాడవుతూనే ఉండవచ్చు.

ఇంకొక అలవాటు గురించి కూడా చెప్పాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టు కోసం వెళ్లడం మన వైపు తరాలనుంచి వస్తున్నదే. దాని మాట ఇక్కడ ఎత్తడం లేదు. కాని విరగని కీలుకు కట్టు కట్టి వారాల తరబడి కదలకుండా ఉంచితే, వాపు రోగమున్న కీలు ఇంకా బిగుసుకుపోతుంది.

పొట్లంలో మాత్ర

పేరులేని పొట్లాల గురించి మేము ఎంత చెప్పినా తక్కువే. తెల్ల మాత్ర ఒకటి, పచ్చ మాత్ర ఒకటి, చిన్నది ఇంకొకటి, కాగితంలో చుట్టి ఇస్తారు. మూడు రోజుల్లో అమ్మాయి లేచి పరుగెత్తుతుంది. ఇంట్లో అందరికీ సంతోషం. ఆపగానే రెండింతల నొప్పి. మళ్లీ పొట్లం. ఆరు నెలల్లో ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది, షుగరు, బీపీ మొదలవుతాయి, ఎముకలు పలచబడతాయి. ఆ చిన్న మాత్ర చాలాసార్లు స్టెరాయిడ్.

స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచాన పడ్డ 29 ఏళ్ల స్త్రీకి మొదటిసారి కార్టిసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. చూసినవారు కళ్లను నమ్మలేకపోయారు. 1950లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువకాలం వాడినప్పుడు దాని కీడు ఎంతటిదో కూడా ఆ తొలి రోజుల్లోనే తెలిసివచ్చింది. ఇప్పటికీ మేము స్టెరాయిడ్ రాస్తాం. ఎంత, ఎన్నాళ్లు అన్న లెక్కతో రాస్తాం. నెలల తరబడి పొట్లం వాడినవారు ఇది చదివి భయపడి ఒక్కసారిగా మానకండి. అది ప్రాణానికే ముప్పు. ఆ పొట్లాన్నే తీసుకుని డాక్టరు దగ్గరికి రండి. ఎవరు ఇచ్చారని మేము అడగం. నొప్పి మాత్రలు కూడా అంతే, రోజూ వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ.

"రిపోర్టులన్నీ బాగున్నాయి"

ఈ మాట మేమూ అన్నాం. ఆర్.ఏ. ఫ్యాక్టర్ లేదు గనుక కీళ్లవాతం లేదని చెప్పి పంపినవారు ఏడాది తర్వాత వంకరపోయిన వేళ్లతో తిరిగి వచ్చిన సందర్భం మాకు ఎదురైంది. ఆ పరీక్ష కొందరు రోగులలో ఎన్నటికీ పాజిటివ్ రాదు, ఆరోగ్యంగా ఉన్న కొందరిలో పాజిటివ్ వస్తుంది. యాంటీ సీసీపీ అనే పరీక్ష దానికంటె నికరమైనది, అదైనా పూర్తి తీర్పు కాదు. ఎక్స్‌రేలో మార్పు కనిపించేసరికి కాలం చాలా గడిచి ఉంటుంది. డాక్టరు వేళ్లతో నొక్కి చూసే పరీక్షకు ఇప్పటికీ విలువ ఉన్నది అందుకే. వాచిన కీలు మెత్తగా, వెచ్చగా తగులుతుంది. దానికి బిల్లు కూడా లేదు.

పేరు వెంటనే దొరకని రోగాలు కూడా ఉన్నాయి. కొన్ని లక్షణాలు ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది బయటపడతాయి. కొందరికి అన్ని పరీక్షలూ బాగుండి ఒళ్లంతా నొప్పి, నిద్ర పట్టకపోవడం, అలసట మాత్రమే ఉంటాయి. అది ఫైబ్రోమయాల్జియా కావచ్చు. కీలు పాడవదు, నొప్పి మాత్రం నిజమే. "ఇప్పటికి పేరు తెలియలేదు, మూడు నెలల తర్వాత రండి" అని డాక్టరు అంటే కోపగించుకుని ఇంకో ఊరికి మారిపోకండి. మారినా చీటీలు పారేయకండి.

ఒక నోటు పుస్తకం పెట్టుకోమని మేము అందరికీ చెబుతాం. పొద్దున ఎన్నింటికి లేచారు, చెయ్యి ఎన్నింటికి వదులైంది, ఏ వేలు వాచింది, జ్వరం ఎంత, ఆ రోజు ఏ మాత్ర వేసుకున్నారు, ఇంతే. వాపు ఉన్న పొద్దునే సెల్‌ఫోనుతో చేతిని ఫొటో తీయండి. మీరు బస్సెక్కి ఇక్కడికి వచ్చేసరికి వాపు తగ్గిపోయి ఉంటుంది, మా కంటికి మామూలు చెయ్యి కనిపిస్తుంది. చిత్తూరు నుంచి వేలూరు సి.ఎం.సి.కి గంట ప్రయాణమే, అక్కడ ఈ రోగాలకే ప్రత్యేక విభాగముంది. అక్కడికి పంపినప్పుడు కూడా ఆ పుస్తకం వెంట తీసుకెళ్లండి.

వారానికి ఒకే రోజు

కీళ్లవాతమని తేలితే ఎక్కువమందికి ముందుగా రాసేది మెథోట్రెక్సేట్. ఇది మన తెలుగువారికి పరాయి మందు కాదు. భీమవరంలో 1895లో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన లెడర్లీ పరిశోధనశాలలో తయారైంది. దీనితోపాటు మేము రాసే ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది కూడా ఆయన బృందమే. ఆయన 1948 ఆగస్టులో, హెంచ్ గారి ఇంజెక్షన్‌కు కొద్ది వారాల ముందు, కన్నుమూశారు. తమ మందు జాతి కీళ్లవాతానికి పనికివస్తుందని చూడలేదు. ఆ ప్రయత్నం 1951లో మొదలైంది. అమెరికాలో ఈ రోగానికి అధికారిక అనుమతి 1988లో వచ్చింది.

ఈ మాత్ర వారానికి ఒకే రోజు వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం పోవచ్చు. పొరపాటు జరగకుండా రోజు పేరు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి, కేలండరులో గుర్తు పెట్టండి. ఇది నొప్పి మాత్రలాగా ఆ పూటకే పని చేయదు. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో రక్త పరీక్షలు, లివరు పరీక్ష చేయించాలి. మొదటి నెలలోనే "గుణం లేదు" అని మానేసేవారు ఎక్కువ, మాకు అన్నిటికంటె దిగులు కలిగించేది అదే. రోగం మొదలైన తొలి నెలల్లోనే మందు పడితే వేళ్లు వంకరపోకుండా కాపాడవచ్చు. వంకరపోయిన వేలిని మందుతో తిన్నగా చేయలేం.

తల్లిదండ్రులు గది బయట మమ్మల్ని పక్కకు పిలిచి అడిగేది ఒకటే: సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకు చెప్పాలా వద్దా? చెప్పమనే మా మాట. దాచిన మాత్ర మానేసిన మాత్రే అవుతుంది. అత్తవారింట మూడు నెలలు మందు లేకుండా ఉండి వాపుతో పుట్టింటికి వచ్చేకంటె, మందు వాడుకుంటూ కాపురం చేసుకునే అమ్మాయి మేలుగా ఉంటుంది. ఈ రోగమున్నవారు పిల్లల్ని కనవచ్చు, ఉద్యోగాలు చేయవచ్చు. అయితే మెథోట్రెక్సేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకునేవారు కొన్ని నెలల ముందే మందు మార్చుకోవాలి. మార్చడానికి గర్భంలో వాడదగిన మందులున్నాయి. పెళ్లి ముహూర్తం కుదిరిన వారమే ఒకసారి ఓపీకి వచ్చి చెప్పండి, ఆ సంచి కూడా తీసుకురండి.