పందెం పళ్లెం.. ప్రాణానికి గండం

రామారెడ్డి: ‘నిర్ణీత సమయంలో పళ్లెం ఖాళీ చేయండి.. బహుమతి గెలుచుకోండి’ అంటూ నగరాల్లోని హోటళ్లు ఇచ్చే ప్రకటనలు సెల్‌ఫోన్ల ద్వారా పల్లెలకూ చేరుతున్నాయి. వ్యాపారికి ఇది ప్రచారం. పందెం కాసే యువకునికి మాత్రం ప్రాణాలతో చెలగాటం. పళ్లెం పరిమాణం కన్నా దాని ముందు పెట్టే గడువే ఎక్కువ ప్రమాదకరమని గుర్తించాలి.

నాలుగు రోజుల తిండి ఒక్క పూటలో

2015లో ‘బాహుబలి’ చిత్రం విడుదలయ్యాక పలు హోటళ్లు ఆ పేరును భారీ భోజనాలకు తగిలించాయి. 2022 సెప్టెంబరులో ఢిల్లీ కన్నాట్‌ప్లేస్‌లోని ఒక హోటల్ 56 రకాల పదార్థాలతో పళ్లెం సిద్ధం చేసి, 40 నిమిషాల్లో తిన్నవారికి రూ.8.5 లక్షలు ఇస్తామని ప్రకటించింది. అమెరికాలోని లాస్‌వెగాస్‌లో ‘హార్ట్ అటాక్ గ్రిల్’ అనే హోటల్ అమ్మిన బర్గర్‌లో 9,982 కేలరీలు ఉన్నట్లు 2012లో గిన్నిస్ రికార్డు నమోదైంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు 2,110, మహిళకు 1,660 కేలరీలు చాలు. అంటే ఆ ఒక్క బర్గర్ నాలుగు రోజుల తిండికి మించినది.

కడుపులో జరిగేది ఇదీ

కడుపు నిండిందన్న సంకేతం మెదడుకు అందడానికి దాదాపు 20 నిమిషాలు పడుతుంది. పందెంలో ఉన్నవారు ఆ లోపే అవసరానికి మించి మింగేస్తారు. పది నిమిషాల్లో 36 హాట్‌డాగ్‌లు తిన్న పోటీదారుని జీర్ణాశయాన్ని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు ఎక్స్‌రే ద్వారా పరిశీలించి, 2007లో ఫలితాలు వెల్లడించారు. అది కదలిక దాదాపు లేని పెద్ద సంచిలా సాగిపోయింది. ఇదే అలవాటైతే జీర్ణాశయం పనిచేసే శక్తిని కోల్పోవచ్చని, తగ్గని వాంతులు, స్థూలకాయం రావచ్చని వారు హెచ్చరించారు.

ఆరోగ్యవంతులు ఎప్పుడో ఒకసారి ఎక్కువ తింటే శరీరం కొంత తట్టుకుంటుందని బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయం 2020లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. అయితే ఆ భారాన్ని మోయడానికి ఇన్సులిన్ మామూలు కన్నా చాలా ఎక్కువగా విడుదల కావాల్సి వచ్చింది. మధుమేహులకు ఆ వెసులుబాటు ఉండదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఉప్పు కూడా రోజుకు 5 గ్రాములు మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నూడుల్స్, ఫ్రైడ్‌రైస్, బర్గర్ల వంటివి భారీగా తింటే ఒక్క పూటలోనే ఆ హద్దు దాటుతుంది. రక్తపోటు ఉన్నవారికి ఇది మరింత ముప్పు.

ఇడ్లీ కూడా ప్రాణం తీసింది

2024 సెప్టెంబరులో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో ఓణం సందర్భంగా ఇడ్లీలు తినే పోటీ పెట్టారు. గొంతులో ఇడ్లీ అడ్డుపడి పోటీదారుడు ఒకరు ఊపిరాడక మృతిచెందారు. మెత్తని ఇడ్లీయే అంత పని చేసిందంటే, లోపం పదార్థంలో కాదు, నమలకుండా మింగించిన తొందరలో ఉన్నట్లే.

ఎవరికైనా ముద్ద అడ్డుపడితే ముందుగా గట్టిగా దగ్గమనాలి. దగ్గలేక, మాట రాక ఇబ్బందిపడుతుంటే ముందుకు వంచి, రెండు భుజాల మధ్య వీపుపై అరచేతి మడమతో ఐదుసార్లు బలంగా చరచాలి. ఫలితం లేకుంటే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి ఉంచి ఐదుసార్లు లోనికి, పైకి నొక్కాలి. గర్భిణులకు, ఏడాదిలోపు పసిపిల్లలకు ఇలా పొట్టపై నొక్కరాదు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. నీళ్లు తాగించకూడదు.

చైనా 2021లో ఆహార వృథా నిరోధక చట్టం తెచ్చి, అతిగా తినే వీడియోల తయారీ, ప్రసారాన్ని నిషేధించింది. మన వంతుగా చేయగలిగింది సులువే. కామారెడ్డిలోనో, నిజామాబాద్‌లోనో, హైదరాబాద్‌లోనో పెద్ద పళ్లెం ఎదురైతే నలుగురూ పంచుకోవాలి. మిగిలింది పొట్లం కట్టించుకోవాలి. గడియారం చూసి తినే పందేనికి మాత్రం దూరంగా ఉండాలి.