సగం ధర క్రీములు, రూపాయి షాంపూలు: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో ఇప్పుడు మొహానికి రాసుకునేది ఏదైనా కొనాలంటే మూడు దారులు. బజారులో ఫ్యాన్సీ దుకాణం, మందుల షాపు, చేతిలో ఫోను. మాఘమాసంలో చెరువుగట్టు జాతర నడిచే రోజుల్లో గాజులు, బొట్టుబిళ్లల పక్కన క్రీము డబ్బాలు పరిచిన బండి నాలుగోది. నాలుగు చోట్లా వినిపించే మాట ఒకటే: ఆఫర్ ఉంది. బతుకమ్మ, దసరా దగ్గరపడితే ఈ మాట ఇంకాస్త గట్టిగా వినబడుతుంది. ఆఫర్లన్నీ మోసమని నేననను. నిజంగా కలిసొచ్చేవి ఉన్నాయి. వాటిని పట్టుకోనివ్వకుండా అడ్డం పడే నమ్మకాలు మాత్రం కొన్ని ఉన్నాయి.

అపోహ: యాభై శాతం తగ్గింపు అంటే సగం పైసలు మిగిలినట్టే.

ఏ ధరలో సగం? అట్ట మీది ఎమ్మార్పీలో. ఆ ఎమ్మార్పీని నిర్ణయించేది ఎవరు? కంపెనీయే. మందుల్లో కొన్నిటికి ప్రభుత్వం గరిష్ఠ ధర కడుతుంది కానీ, క్రీములకూ ఫేస్‌వాష్‌లకూ అలాంటి కట్టడి లేదు. ఎమ్మార్పీ కంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకున్నా నేరం. ఎమ్మార్పీనే ఎక్కువగా వేసుకుంటే నేరం కాదు. 50 గ్రాముల క్రీముకు 600 వేసి 300కు అమ్మితే గ్రాము 6 రూపాయలు పడింది. పక్కనే ఏ ఆఫరూ లేకుండా 120 రూపాయలకున్న 50 గ్రాముల డబ్బాలో గ్రాము 2 రూపాయల 40 పైసలు. రెండింట్లోనూ ఉన్న పదార్థాలు దాదాపు ఒకటే అయితే, 300 ఆదా చేశానని మురిసిన మనిషి నిజానికి 180 ఎక్కువ పెట్టినట్టు.

ఈ లెక్క మనమే వేసుకోనక్కర లేకుండా 2021లో ప్యాకెట్ సరుకుల నిబంధనలు సవరించారు. గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ఎమ్మార్పీతో పాటు అట్ట మీద వేయాలి. అక్షరాలు చిన్నవే, కళ్లజోడు కావాలి. అయినా ధరలు పోల్చడానికి అట్ట మొత్తంలో పనికొచ్చే అంకె అదొక్కటే. అదే సవరణలో ఇంకో మార్పు జరిగింది. అంతకుముందు సబ్బుల్లాంటి సరుకులకు ఇన్నిన్ని గ్రాముల్లోనే అమ్మాలన్న జాబితా ఉండేది, దాన్ని ఎత్తేశారు. పాత ధరకే వచ్చింది కదా అనుకుంటే సబ్బు చిక్కిపోయి ఉండొచ్చు.

ఆఫర్ల కూడికలకూ ఒక తమాషా ఉంది. ‘50 శాతం, దాని మీద ఇంకో 20 శాతం’ అంటే డెబ్బై కాదు. నూరు యాభై అవుతుంది, ఆ యాభైలో ఇరవై శాతం పోతే నలభై. అంటే అరవై శాతమే. ‘రెండు కొంటే ఒకటి ఉచితం’ ముప్పై మూడు శాతం తగ్గింపు. ‘25 శాతం అదనం’ ఇరవై శాతం తగ్గింపు.

ఎమ్మార్పీ మీద స్టిక్కర్ అంటించి ఉంటే ఆగి చూడండి. ధర తగ్గించడానికి స్టిక్కర్ వేయొచ్చు, కానీ అది కంపెనీ అచ్చువేసిన పాత ధరను కప్పకూడదు. పెంచడానికి వేసిన స్టిక్కర్ చెల్లదు.

అపోహ: పెద్ద సీసా కొంటేనే కలిసొస్తుంది.

నూనె డబ్బాకు, బియ్యం బస్తాకు ఇది నిజం. షాంపూ దగ్గర చాలాసార్లు తలకిందులవుతుంది. కిరాణం గుమ్మానికి దండల్లా వేలాడే రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లు మన దేశంలో పుట్టించిన వ్యాపారమే వేరు. కడలూరు వైపు నుంచి వచ్చిన సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో మొదలుపెట్టి, సీసా కొనలేని పల్లెలను ఈ చిన్న ప్యాకెట్లతోనే గెలిచాడు. ఆ పోటీలోకి పెద్ద కంపెనీలూ దిగాయి. రూపాయి ధర జనం నోట్లో పడిపోయాక దాన్ని పెంచడం కంపెనీకి కష్టం, సీసా ధర పెంచడం సులువు. అందుకే అదే పేరు షాంపూ సీసాలో కంటే ప్యాకెట్లలో మిల్లీలీటరుకు తక్కువ పడటం మామూలే. ఉదాహరణకు, రూపాయి ప్యాకెట్‌లో 5 మిల్లీలీటర్లు ఉంటే నూరు మిల్లీలీటర్లకు 20 రూపాయలు. సీసా వెనక అంకెను దీనితో పోల్చి చూస్తే సీసా గౌరవం కొంత తగ్గుతుంది. పైగా ప్యాకెట్ చింపితే ఎంత వాడాలో అంతే వాడతాం, సీసా ఒంపితే చేయి ఆగదు. ప్లాస్టిక్ చెత్త మాటేమిటని అడిగితే సీసాదే పైచేయి, అది నిజమే. పైసల లెక్కలో మాత్రం ప్యాకెట్ కొనే కూలితల్లి ఎవరి కంటే తెలివి తక్కువది కాదు.

అపోహ: ధర ఎక్కువైతే సరుకు మంచిది. చవకది చర్మాన్ని పాడుచేస్తుంది.

సబ్బుతోనే మొదలుపెడదాం. సబ్బు అట్ట మీద టీఎఫ్‌ఎం అని ఒక అంకె ఉంటుంది. సబ్బులో అసలు కొవ్వు పదార్థం ఎంతో చెప్పే అంకె అది. భారతీయ ప్రమాణాల ప్రకారం 76 శాతం, ఆపైన ఉంటే మొదటి గ్రేడు టాయిలెట్ సబ్బు, 70 ఉంటే రెండోది, 60 ఉంటే మూడోది. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉంటే 40 శాతం చాలు. ప్రభుత్వరంగంలో తయారయ్యే మైసూర్ శాండల్ మొదటి గ్రేడు. సినిమా తార బొమ్మ, విదేశీ పేరు ఉన్న సబ్బుల్లో బాతింగ్ బార్‌లు కనిపిస్తాయి. అన్నీ చెడ్డవని కాదు. కొన్ని అసలు సబ్బే కాకుండా మృదువైన డిటర్జెంట్‌తో చేసినవి, పొడి చర్మానికి అవే నయం. మామూలు బాతింగ్ బార్‌ను మాత్రం మొదటి గ్రేడు ధర పెట్టి కొనడం దండగ.

మన జిల్లా బోరునీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, స్నానం దగ్గర ఏడిపించేది కాల్షియం, మెగ్నీషియం ఉన్న కఠినజలం. దానిలో సబ్బు నురగ ఇవ్వదు, తెల్లని మడ్డిగా మారి ఒంటికి అంటుకుంటుంది. సబ్బు మంచిది కాదని ఇంకా ఖరీదైనది తెస్తారు, అదీ నురగ ఇవ్వదు. తప్పు నీళ్లది.

చలికాలం కాళ్లు పగిలితే తెల్లని పెట్రోలియం జెల్లీ డబ్బాను మించి చేయగలిగిన ఖరీదైన క్రీములు తక్కువ. స్నానం కాగానే తడి పూర్తిగా ఆరకముందే రాస్తే అది నీటిని లోపలే ఆపుతుంది. ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతున్న నియాసినమైడ్ కూడా బీ3 విటమిన్ రూపమే, ముడిసరుకుగా ఖరీదైంది కాదు. పరిశోధనల్లో ఎక్కువగా వాడింది 2 నుంచి 5 శాతం. 10 శాతం అని పెద్ద అక్షరాలతో రాసి రెండింతలు తీసుకుంటే రెండింతల ఫలితం రాదు, మంట రావచ్చు. ‘కెమికల్స్ లేనిది’ అన్న ముద్రకైతే అర్థమే లేదు, నీళ్లూ రసాయనమే. పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక రాయాలన్నది నియమం. కుంకుమపువ్వు పేరు డబ్బా ముందర పెద్దగా, జాబితాలో చిట్టచివర కనిపిస్తే దేనికి పైసలు పెడుతున్నామో తెలిసిపోతుంది. 30 గ్రాముల కన్నా చిన్న క్రీములకు జాబితా వేయాల్సిన పని లేదు. తెలియని పేరున్న క్రీమును ముందు చిన్న డబ్బాలో కొని చూద్దామనుకునేవారికి ఇదొక ఇబ్బంది.

అపోహ: జీఎస్టీ తగ్గింది కాబట్టి అందం సరుకులన్నీ చవకయ్యాయి.

2025 సెప్టెంబర్ 22 నుంచి బార్ సబ్బు, షాంపూ, తలనూనె, టాల్కం పౌడర్, ఫేస్ పౌడర్, టూత్‌పేస్ట్ మీద పన్ను 18 నుంచి 5 శాతానికి దిగింది. మొహం క్రీములు, లిప్‌స్టిక్, సన్‌స్క్రీన్, ఒంటికి వాడే లిక్విడ్ సబ్బు 18లోనే ఉండిపోయాయి.

అపోహ: డేటు దగ్గరపడ్డ సరుకు ముట్టుకోకూడదు.

గడువు దాటినది ముట్టుకోకూడదు, నిజమే. దగ్గరపడ్డది వేరు. ఇంట్లో నలుగురుండి మూడు నెలల్లో అయిపోయే సబ్బులు, షాంపూ, తలనూనె డేటుకు ఆరు నెలల ముందు సగం ధరకు దొరికితే అదే అసలైన బేరం. సన్‌స్క్రీన్, రెటినాల్, విటమిన్ సి సీరమ్ మాత్రం వదిలేయండి. విటమిన్ సి గాలికీ వేడికీ చెడుతుంది, నీళ్లలా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగితే పనైపోయినట్టు. ఎండాకాలం 45 డిగ్రీల్లో రేకుల కొట్టులోనో డెలివరీ వ్యాన్‌లోనో నానా అవస్థలు పడ్డ సీసాకు అట్ట మీది తేదీ పూచీ ఇవ్వదు. ఇంకొకటి, మూత తెరిచిన డబ్బా బొమ్మలో ‘12ఎమ్’ అని ఉంటే తెరిచాక పన్నెండు నెలలని. కంటికి పెట్టే మస్కారా అయితే మూడు నుంచి ఆరు నెలలే. ఒకటికి ఒకటి ఉచితమని నాలుగు మస్కారాలు తెచ్చుకుని అన్నీ ఒకేసారి తెరిస్తే మూడు పారేయాలి.

సన్‌స్క్రీన్ మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క. మొహానికీ మెడ ముందుభాగానికీ సరిపడా రాయాలంటే రెండు వేళ్ల పొడుగున, గ్రాముకు పైగా కావాలి. 30 గ్రాముల ట్యూబు పాతిక సార్లకు వస్తుంది. ఎండలో ఉండేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి కాబట్టి పత్తి చేనులో పొద్దంతా ఉండే ఆడవాళ్లకు అది వారం కూడా రాదు. వాళ్ల విషయంలో నిండుగా కట్టిన తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా, వెడల్పు టోపీ ఏ ఆఫర్ మీదైనా గెలుస్తాయి. ఎస్‌పీఎఫ్ 30 నుంచి 50కి ఎక్కితే చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాలను ఆపే శక్తి 97 నుంచి 98 శాతానికి పెరుగుతుంది. ధర అంత నెమ్మదిగా పెరగదు.

అపోహ: క్రీములెందుకు, నిమ్మకాయ ఉండగా?

నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్టే ఉంది, ఈ మాట ఇక్కడ మరీ సులువుగా వస్తుంది. నిమ్మరసం ఆమ్లగుణం చర్మం తట్టుకునేదానికన్నా చాలా ఎక్కువ. అంతకన్నా చిక్కు, మనం వాడే చిన్న పుల్లనిమ్మలో సోరలెన్ వంటి పదార్థాలుంటాయి. రసం అంటిన చోట ఎండ తగిలితే కాలిన బొబ్బలు, తర్వాత వారాలు, నెలలు పోని నల్లమచ్చలు వస్తాయి. మచ్చ పోవాలని రాసుకున్నది మచ్చ పెట్టిపోతుంది. ఆ మచ్చకు డాక్టరు ఫీజూ, మందూ కలిపితే ఉచిత చిట్కా ఖరీదు తేలుతుంది.

అపోహ: పది రోజుల్లో మొహం తెల్లబడింది కదా, చవకైనా పనిచేసే క్రీమే.

అన్నిటిలోకీ ప్రమాదం ఇది. పది రోజుల్లో రంగు తేలిందంటే నాకు ముందుగా రెండు అనుమానాలు వస్తాయి: స్టెరాయిడ్, పాదరసం.

మందుల షాపులో వందలోపే దొరికే కొన్ని ట్యూబుల్లో బెటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్లుంటాయి. కొన్నింట్లో వాటితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలుస్తాయి. చర్మవైద్యులు ఫలానా జబ్బుకు ఇన్ని రోజులని రాసే మందులివి. 2018లో కేంద్రం ఈ రకం స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అట్ట మీద ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్రగీత ఉంటాయి. అవి కనిపిస్తే అది సౌందర్య సాధనం కాదు, మందు. మొదట్లో మొహం నున్నగా, తెల్లగా అవుతుంది. నెలలు గడిస్తే చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి, మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. మానేద్దామంటే మంట, దురద, ఎరుపు తిరగబెడతాయి, దాంతో మళ్లీ అదే ట్యూబు. పెళ్లిచూపులకు ముందు ఆడపిల్లకు అమ్మే తెచ్చివ్వడం, చెల్లికి అక్క ఇవ్వడం ఊళ్లలో కొత్త కాదు. తెల్లతోలు మీద మోజు ఎలాగూ చెడ్డదే, అది ఇక్కడ పిల్ల ఆరోగ్యాన్నే అడుగుతోంది.

పాదరసం కథ ఇంకా చీకటిది. జాతర బండ్ల మీద, పేరులేని ఆన్‌లైన్ అమ్మకాల్లో ఎవరు తయారుచేశారో రాయని, ఏదో విదేశీ లిపి ఉన్న తెల్లబరిచే క్రీములు చూస్తుంటాం, పాదరసం భయం వాటితోనే. కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు మూత్రంలో ప్రొటీన్ పోతూ కిడ్నీ వడపోత పొర దెబ్బతిన్న రోగులను 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా పరిశీలించారు. 22 మందిలో 15 మందికి ‘నెల్-1’ అనే ప్రత్యేక రకం జబ్బు తేలింది, ఆ 15లో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే. మన నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడేవి తప్ప మిగతా వాటిలో పాదరసం పొరపాటున కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. అది ఉందో లేదో కంటికి కనబడదు. అందుకని కాగితమే చూడాలి. దేశీ సరుకైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు చిరునామా, గడువు తేదీ. విదేశీ సరుకైతే ‘ఆర్‌సీ’తో మొదలయ్యే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు. ఇవి లేని డబ్బా ఉచితంగా ఇచ్చినా వద్దు.

అపోహ: ‘ఇంకా రెండే మిగిలాయి’ అంటే తొందరపడాలి.

లేని తొందరను పుట్టించడం 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నిషేధించిన 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుల్లో, ఒకటి. రేపు పొద్దున ఆ యాప్ మళ్లీ తెరిచి చూడండి, చాలాసార్లు ఇంకా రెండే మిగిలి ఉంటాయి.

అపోహ: సేల్‌లో కొన్నది వాపసు ఉండదు, ఎక్కడో బొంబాయి కంపెనీ మీద నకిరేకల్‌లో కూర్చుని ఏం చేస్తాం?

బిల్లు ఇవ్వకపోవడం, లోపం ఉన్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని పైసలివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులే. సేల్‌కు వేరే చట్టం లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తేలకపోతే, కొత్త చట్టం వచ్చాక కంపెనీ ఉన్న ఊరికి పోవాల్సిన పని లేదు, కొన్నవాళ్లు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. నకిరేకల్ వాళ్లకు అది నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. బిల్లు, డబ్బా, అట్ట పారేయకుండా ఉంచుకుంటే చాలు.