రోజుకు రెట్టింపయ్యే కాన్సర్

కాలికి ముల్లు గుచ్చుకుని పుండు పడితే గజ్జలో బిళ్ళ కట్టడం మీరెరుగుదురు. గొంతు నొప్పి వస్తే దవడ కింద బిళ్ళలు చేతికి తగులుతాయి. ఇవే శోషరస గ్రంథులు. రక్తనాళాల మాదిరిగానే మన ఒళ్ళంతా సన్నని శోషరస నాళాలు అల్లుకొని ఉన్నాయి. వాటి దారిలో అక్కడక్కడ ఈ గ్రంథులు కాపలా కాస్తుంటాయి. వీటిలోని లింఫోసైట్లనే తెల్లకణాలు రోగక్రిములతో పోరాడతాయి. అవసరమైనప్పుడు అవి త్వరత్వరగా విభజన చెంది సంఖ్యను పెంచుకుంటాయి. పని ముగిశాక ఆగిపోతాయి. బిళ్ళ కరిగిపోతుంది.

మరి, ఆగవలసిన కణం ఆగకపోతే? అదే లింఫోమా, అనగా శోషరస వ్యవస్థకు వచ్చే కాన్సర్. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరిగే లింఫోమాలున్నాయి. వారాలలోనే ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. అతి వేగంగా పెరిగే వాటిలో ఒకటి బర్కిట్ లింఫోమా. దీని కణితి ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలదు.

ఒక లెక్క వేయండి. ఒక కణం రోజుకొకసారి రెండవుతుందనుకుందాం. 10 రోజులకు 1,024 కణాలు. 20 రోజులకు 10 లక్షలు దాటుతాయి. 30 రోజులకు 100 కోట్లు దాటుతాయి! కొన్ని కణాలు చనిపోతుంటాయి కనుక నిజంగా లెక్క ఇంత సూటిగా సాగదు. అయినా ప్రమాదమెంతటిదో తెలుస్తున్నది కదా!

1957లో ఉగాండాలోని కంపాలాలో డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు ఒక ఐదేళ్ళ బాలుణ్ణి చూశాడు. వాడి పై దవడ, కింది దవడ రెండు పక్కలా వాచి ఉన్నాయి. కొద్ది వారాలకు మరో ఊరిలో అదే వాపుతో ఇంకొక బిడ్డ కనిపించింది. ఈ వ్యాధి ఎక్కడెక్కడ ఉన్నదో తెలుసుకోవాలని 1961లో ఆయన ఇద్దరు మిత్రులతో కారులో సుమారు 16,000 కిలోమీటర్లు తిరిగాడు. పటం గీస్తే ఒక విశేషం బయటపడింది. వేడి, వాన ఎక్కువై మలేరియా విజృంభించే ప్రాంతాల్లోనే ఈ వ్యాధి ఉంది!

అదే సంవత్సరం లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ పరిశోధనకు పూనుకున్నాడు. 1964లో ఆయన బృందం ఈ కణితి కణాలలో ఒక కొత్త వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసింది. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్. నేడు ప్రపంచంలో పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా ఇది ఉంటుంది. చాలామందికి ఏ హానీ చేయదు. చిన్నతనంలోనే ఈ వైరస్ సోకి, మలేరియా పదేపదే వస్తే ప్రమాదం పెరుగుతుంది.

కణంలో జరిగేదేమిటి? 8వ క్రోమోసోమ్ ముక్క ఒకటి తెగి, సాధారణంగా 14వ క్రోమోసోమ్‌కు అతుక్కుంటుంది. ఆ ముక్కలోని మిక్ అనే జన్యువు కణాన్ని పెరగమని ఆజ్ఞాపిస్తుంది. కొత్త చోట దానికి అదుపు ఉండదు. ఈ సంగతి 1982లో తెలిసింది.

అయితే ఈ వేగమే కాన్సర్‌కు బలహీనత కూడా! చాలా కాన్సర్ మందులు విభజన చెందే కణాలనే దెబ్బతీస్తాయి. అందుకే చికిత్సకు ఇది త్వరగా లొంగుతుంది. మంచి వసతులున్న ఆస్పత్రులలో ఈ వ్యాధి వచ్చిన పిల్లల్లో పదింట తొమ్మిదిమంది కోలుకుంటున్నారు. ఆలస్యంగా ఆస్పత్రికి చేరే పేద దేశాల పిల్లలకే ఆ అదృష్టం తక్కువ.

బిళ్ళ కట్టిన ప్రతిసారీ భయపడనక్కర లేదు. చాలావరకు అది మామూలు జబ్బే. కాని రెండు మూడు వారాలైనా తగ్గకపోయినా, చూస్తుండగానే పెరుగుతున్నా, ఇంట్లో పెద్దలకు చెప్పి వెంటనే డాక్టరుకు చూపించండి.